వదులు తాడు

ఆమె వేసిన ముడి ఊడిపోయిందన్న మాట ఆ చెరువు ఒడ్డున ఎవరూ వినలేదు. "నీ ముడి విప్పాలంటే నువ్వైనా రావాలి, కత్తైనా రావాలి," అని మొగుడు వేళాకోళం చేసేవాడు. వలలల్లే మనిషికి అంతకు మించిన పొగడ్త ఏముంటుంది?

కిందటేడు చేపలు ఒడ్డు గడ్డిలో గుడ్లు పెట్టీ పెట్టగానే తూము తెరిచారు. నీళ్లు దిగిపోయి, పరకలకు అంటుకున్న గుడ్లన్నీ ఎండలో పొట్టులా రాలిపోయాయి. తూము చక్రం తిప్పింది ఆమె సొంత తమ్ముడే. పట్నానికి తాగునీళ్లు ఆపలేం కదా అన్నాడు. అది నిజమే. అయినా ఆమె అతనితో మాట్లాడటం మానేసింది.

ఈ ఏడు కూడా చేపపిల్లలు పుట్టకపోతే పడవ బోర్లించేసి ఐసు ఫ్యాక్టరీలో చేరిపోదామని మొగుడు తేల్చేశాడు. ఆమెకు ఆ మాట మింగుడుపడలేదు. ఒడ్డుకు దూరంగా, లోతులో గుంజలు పాతి, చేపలు గుడ్లు పెట్టడానికి వాటికి నీళ్లలో మునిగేలా గడ్డి కట్టలు కట్టింది. ఒడ్డు ఎండినా ఇవి ఎండవని ఆమె ధీమా. చేపలు రానే వచ్చాయి. ఏ కట్ట చూసినా గుడ్లే.

ఆ మధ్యాహ్నం తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, సాయంత్రం తూము తీస్తున్నాం."

ఆమె వల మీంచి తల ఎత్తలేదు. "తీసుకో. ఈసారి నావి లోతులో ఉన్నాయి."

"చూసే వచ్చాను. గుంజకి అంత బిగించి కట్టావేంటి? నీళ్లు దిగితే కట్టలు దిగొద్దూ? గాల్లో వేలాడతాయి."

ఆమె చెయ్యి ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక తాడు వదులుగా కట్టింది లేదు. ఆ ఆలోచనే తట్టలేదు.

"ఏడాదికి గడప తొక్కి చెప్పే మాటా ఇది?"

"తిట్లు పడవలో తిడుదువుగాని, ముందు కత్తి తియ్యి."

మొగుడు ఖాళీ డబ్బాలన్నీ పోగేసుకొచ్చి పడవలో పడేశాడు. "చివరికి కత్తే రావాల్సి వచ్చింది," అని నవ్వాడు. ఆమె తన ముళ్లను తనే కోసింది. ప్రతి కట్టకూ తేలడానికి ఓ డబ్బా కట్టి, గుంజకు పొడుగ్గా తాడు వదిలారు. అలవాటు కొద్దీ ఆమె చేతులు బిగించబోతే తమ్ముడు పట్టుకుని ఆపాడు.

"వదులక్కా, వదులు."

"నా చేత ఇలాంటి ముడి వేయించావు. ఎవరికైనా చెప్పావో, చూడు!"

సాయంత్రం అతను వెళ్లి చక్రం తిప్పాడు. నీళ్లు దిగుతుంటే గుంజల తడి మొదళ్లు బయటపడుతూ వచ్చాయి. కట్టలు మాత్రం నీళ్లతో పాటే కిందికి దిగాయి.

కొన్నాళ్లకు ఆమె ఓ పరక నీళ్లలోనే వంచి మొగుడికి చూపించింది. ప్రతి గుడ్డులోనూ రెండు నల్లటి చుక్కలు.

"కళ్లే! నన్నే చూస్తున్నాయి," అన్నాడతను.

"మరి ఫ్యాక్టరీకి ఎప్పుడు వెళ్తావు?"

"పడవకి తారు పూయాలి, నాకెక్కడ తీరిక?"

"సరే, ఆ తూము దొరగారిని కేకెయ్యి," అందామె. "వాడూ చూడాలి."