ముడి పైకి కుట్టిన బొంత

కోటు కుట్టడంలో మెదక్‌లో ఈ జకరయ్యను మించినవాడు లేడని నేనే చెబితే గొప్పలంటారు. కానీ చర్చిలో పాటలు పాడేవాళ్ల గౌన్లు ముప్పై ఏళ్లుగా నేనే కుడుతున్నాను. ఒక్కరూ నా కుట్టుకు వంక పెట్టలేదు. పెట్టింది ఇద్దరే: ఒక గుర్రం, ఆ గుర్రం యజమాని భార్య ఐలవ్వ.

సకల జనుల సమ్మె ముగిసిన చలికాలం అది. పెళ్లికొడుకులు గుర్రం మానేసి పూలు చుట్టిన కార్లెక్కడం మొదలై అప్పటికే చాలా ఏళ్లయింది. ఊరేగింపు గుర్రం తోలే నర్సింగానికి ఉద్యమం ర్యాలీలు కొన్నాళ్లు పని ఇచ్చాయి, తర్వాత అవీ తగ్గిపోయాయి. ఇక తన గుర్రం సితారను అమ్మక తప్పదని అతను దిగులుపడుతున్నప్పుడు, తూప్రాన్ దగ్గర కొత్తగా వచ్చిన స్వారీ క్లబ్బు వాళ్లు ఒక పోటీ పెట్టారు. మనిషి బట్టలూ గుర్రం సామానూ పద్ధతిగా ఉన్నాయా లేదా అని చూసే పోటీ. నెగ్గితే గుర్రాన్నీ మనిషినీ పనిలో పెట్టుకుంటారట.

రూల్సు ఇంగ్లీషులో ఉన్నాయని నర్సింగం ఆ కాగితం పట్టుకుని నా షాపుకొచ్చాడు. టీచరు పని చేసే నా బిడ్డ రెబెకా చదివి చెప్పింది. మనిషికి నల్ల కోటు, తెల్ల ప్యాంటు, మోకాళ్ల దాకా బూట్లు. గుర్రానికి సాదా తోలు జీను, దాని కింద తెల్లగుడ్డ. గజ్జెలు, అద్దాలు, కుచ్చులు పనికిరావు.

"గజ్జెల్లేకుంటే బోసిగ ఉంటది గద అన్నా," అన్నాడు నర్సింగం పాపం.

"రూలంటే రూలే," అన్నాను.

"నాయనా, కోటుకు ఎనుక చీలిక ఉండాల్నట," అంది రెబెకా.

"ఎందుకు, గాలి ఆడనీకా? మంచిగున్న కోటు నేనే చింపియ్యాల్నా?" అని ఆ ఒక్క రూలును కొట్టిపారేశాను.

నర్సింగాన్ని నిలబెట్టి కొలతలు తీసుకున్నాను. పదేళ్లుగా కళ్లెం పట్టుకుని ముందు నడిచాడే తప్ప అతను సితారను ఎన్నడూ ఎక్కలేదు. అది పెళ్లికొడుకు కూర్చునే చోటు, తోలేవాడు ఎక్కకూడదని తండ్రి నేర్పిన పద్ధతి. ఇప్పుడు గుర్రాన్ని నిలుపుకోవడానికి ఆ పద్ధతిని పక్కన పెట్టి, నెల రోజులు పాత చొక్కా మీదే ఎక్కడం దిగడం నేర్చుకున్నాడు. కొత్త కోటు తొడుక్కుని ఎక్కుతానంటే నేనే వద్దన్నాను, ఇస్త్రీ చెడుతుందని.

పోటీకి ముందు రోజు పొద్దున్నే సితారను నడిపించుకుంటూ బయల్దేరాడు. జీను కింద ఐలవ్వ పాత చీరలతో కుట్టిన బొంత కనిపించింది. ముడులన్నీ పైకే ఉన్నాయి, దారం కొసలు లేచి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ముడులు లోపటికి దాస్తరు గని గిట్ల పైకి పెడ్తరా? గిదొక కుట్టా? తీసెయ్యి!"

"ఉండనియ్యి అన్నా, దానికి అలవాటైంది," అంది ఐలవ్వ.

తెల్లగుడ్డ ఒక్కటే వేయాలని గట్టిగా చెప్పి, మర్నాడు నేను బస్సులో వెళ్లాను.

మైదానంలో గుర్రాలన్నీ నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. న్యాయనిర్ణేత మిలిటరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. అందరినీ గుర్రాలెక్కమన్నాడు. నర్సింగం రికాబులో కాలు పెట్టి రెండో కాలు అటువైపు వేశాడో లేదో, నా కోటు వెనక కుట్టు మెడ దాకా పర్రున చినిగింది. జనం నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. నర్సింగం మాత్రం తల తిప్పకుండా నిటారుగా కూర్చున్నాడు.

పెద్దమనిషి కోటు వంక చూసి ఏదో రాసుకున్నాడు. తర్వాత అందరినీ దిగి జీనులు విప్పమని చెప్పి, ఒక్కో గుర్రం వీపూ చేత్తో తడిమాడు. అన్నిటికన్నా మెరుస్తున్న గుర్రం ఆయన చెయ్యి తగలగానే పక్కకు జరిగింది, జీను ఒరిసి వీపు పుండై ఉంది. ఇంకో దానికి అక్కడ వెంట్రుకలే లేవు.

సితార మీద తెల్లగుడ్డ ఎత్తితే కింద ఐలవ్వ బొంత! నా మాట వినలేదన్నమాట. కోటు నేను చెడగొట్టాను, మిగిలింది వీళ్లు చెడగొట్టారు అని పళ్లు కొరుక్కున్నాను. ఆయన బొంత తీసి వీపు తడిమాడు. సితార కదల్లేదు. మళ్లీ తడిమాడు. ఒక్క గీత లేదు.

"ఈ ముడులన్నీ పైకి ఎందుకున్నాయి?" అని అడిగాడు.

"మా ఇంటామె కుట్టింది సార్. లోపటికుంటే దానికి గుచ్చుకుంటయి, మనకు కనబడితే ఏమైతది అంటది," అన్నాడు నర్సింగం.

బహుమతి రాలేదు. చినిగిన కోటుకు ఎవరిస్తారు? కానీ ఆ పెద్దమనిషి క్లబ్బు యజమానిని పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడాడు. సితారకూ నర్సింగానికీ పని దొరికింది. క్లబ్బులో ఉన్న గుర్రాలన్నిటికీ ఐలవ్వే బొంతలు కుట్టాలన్నారు. నర్సింగం సితార మెడ పట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, సగం సంతోషం, సగం సిగ్గు.

ఇంటికొచ్చాక కోటు కుట్లు విప్పి, ఈసారి నర్సింగాన్ని గుర్రం మీద కూర్చోబెట్టి కొలతలు తీసుకున్నాను. వెనక చీలిక పెట్టాను. అన్ని బొంతలు ఒక్కతే కుట్టలేనని ఐలవ్వ అంటే, నేనే సూది పట్టుకుని వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. ఒక వరుస కుట్టి, అలవాటు కొద్దీ ముడి లోపలికి దాచాను. ఐలవ్వ బొంతను తిరగేసి అరచేత్తో నిమిరి, ఆ ముడి దగ్గర ఆగింది.

"అన్నా, గిది ఇప్పు," అంది.

విప్పి, ముడి పైకి వేశాను.