అమ్మోరు అడిగిన పానకం

జగ్గమ్మ ఆ ఉదయం అబద్ధం చెప్పింది.

"తిన్నావా అత్తా?" అని వరస కలిపి అడిగింది అదే వీధిలో ఉండే అప్పలలక్ష్మి.

"తినీసినాను. గంజన్నం. సూదెయ్యి, అవతల ఘటానికి పసుపు రాయాల."

అప్పలలక్ష్మి తలుపు గడియ వేసి ఇన్సులిన్ ఇచ్చింది. ఆ ఇంట్లో సూది ఎప్పుడూ గడియ వేశాకే. జగ్గమ్మకు షుగర్ ఉన్న సంగతి ఈమెకూ, కోడలు రమాకుమారికీ తప్ప వాట్‌గంజ్‌లో ఎవరికీ తెలియదు. కొడుక్కి కూడా తెలియదు.

దాచడానికి కారణం ఉంది. జగ్గమ్మ బంగారమ్మ అమ్మవారికి గణాచారి. శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీల ఊరికి, ఓడరేవు డాకుల్లో పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఏటా ఆ వీధిలో అమ్మవారి సంబరం చేస్తాయి. ఆ రోజు నెత్తిన ఘటం మోసేదీ, అమ్మవారు ఒంటి మీదికి వస్తే జనానికి వాక్కు చెప్పేదీ గణాచారే. ఇంతకు ముందు ఆ పని అప్పమ్మది. ఆమెకు మూర్ఛ వస్తుందని బయటపడ్డ ఏడే ఘటం దించేశారు. రోగం ఉన్న ఒంట్లోకి అమ్మ రాదన్నారు. తర్వాత బతికినన్నాళ్ళూ అప్పమ్మ సంబరం నాడు తలుపు తెరవలేదు.

అప్పలలక్ష్మి భర్త గురువులు డాకులో ఓడలకు తాళ్ళు కట్టే పనిలో ఉన్నాడు. ఆమెకు పని నేర్పింది ఖిదిర్‌పూర్‌లోని ఒక ఛారిటీ ఆసుపత్రి. షుగర్, బీపీ, ఆయాసం, ఇలా ఒకసారి వస్తే వదలని జబ్బులతో బతికేవాళ్ళకు తోడుగా ఉండటం ఆ పని. ఆదివారం తెలుగు బడి వరండాలో వాళ్ళందరినీ కూర్చోబెడుతుంది. ఎవరి కాలి పుండు ఎలా ఉందో చూస్తుంది, మందు మానేసినవాళ్ళతో పోట్లాడుతుంది. చూపు ఆననివాళ్ళకు ఇంటికెళ్ళి సూది వేస్తుంది. జగ్గమ్మ ఆ వరండాకు ఎన్నడూ రాలేదు.

గణాచారి ఘటం దించేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. పోయినేడు జగ్గమ్మ ఉపవాసమని సూది మానేసింది. షుగర్ పెరిగి గంగ ఒడ్డున కళ్ళు తిరిగి కూలబడింది. "ఒంట్లో ఏటైనా ఉన్నాదేటి?" అని కుల పెద్ద కూర్మయ్య అడిగాడు. ఆ ప్రశ్న మళ్ళీ రాకూడదని ఈ ఏడు సూది వేయించుకుంటానంది. అయితే తినాల్సిందేనని అప్పలలక్ష్మి పట్టుబట్టింది. "అమ్మకి సెప్పుకున్నాను, ఒప్పుకున్నాది, తింటాను" అంది జగ్గమ్మ.

సంబరం డప్పులు కదిలాక అప్పలలక్ష్మి జగ్గమ్మ ఇంటికి వెనక్కి వచ్చింది. రమాకుమారి వాకిలి కడుగుతోంది.

"మీ అత్త గంజన్నం ఎంత తిన్నాదే?"

రమాకుమారి చీపురు ఆపింది. "ఎప్పుడు తిన్నాది? పొయ్యే ఎలిగించలేదప్పా ఇయ్యేల."

"మరి నాతో తినీసినానంది?"

"తిననంటే నువ్వు సూదెయ్యవు కదా."

అప్పలలక్ష్మి చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తింది. వెనకే రమాకుమారి. సూది వేసి చాలాసేపైంది. మందు పని మొదలుపెట్టి ఉంటుంది. కడుపులో మెతుకు లేదు.

ఊరేగింపు డాకు గోడ మలుపులో ఆగి ఉంది. ముందు ఢాక్ అనే పెద్ద డోలు వాయించే బెంగాలీలు, వెనక మన డప్పులు. మధ్యలో జగ్గమ్మ, నెత్తిన ఘటం, ఘటంలో వేపమండలు. చుట్టూ ఖాళీ. ఆ ఖాళీలోకి ఎవరూ అడుగు పెట్టకుండా కూర్మయ్య బెత్తం పట్టుకుని తిరుగుతున్నాడు. అమ్మవారు వచ్చాక గణాచారిని తాకకూడదు.

అమ్మవారు వచ్చిందనే అంతా అనుకుంటున్నారు. జగ్గమ్మ ఊగుతోంది. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు ఎవరినీ చూడటం లేదు.

అప్పలలక్ష్మికీ అమ్మవారంటే నమ్మకమే. జగ్గమ్మ ఒంటి మీదికి అమ్మ రావడం చిన్నప్పటి నుంచి చూసింది. అమ్మ వచ్చినప్పుడు ఆ ఒళ్ళు పెనంలా కాలుతుంది, మాట గోడకు కొట్టినట్టు వస్తుంది. ఇప్పుడు జగ్గమ్మ రవికె చెమటకు వీపుకి అంటుకుపోయింది. పెదవులు పాలిపోయాయి. ఆవులిస్తోంది. ఒకటి అయ్యాక ఇంకొకటి.

"అమ్మ ఆవులిస్తంది" అన్నాడు కూర్మయ్య. "ఆకలేసినాది. కోణ్ణి తెండ్రా!"

కోదండం ముందుకు వచ్చాడు. డాకులో బస్తాలు మోసినవాడు, ఇప్పుడు పాదానికి కట్టుతో కుంటుతాడు. ఆదివారాలు వరండాలో మొదట కూర్చునేది అతనే. "అమ్మా, నా కాలు మానుతాదా? డాక్టర్లు కోసీయాలంటన్నారు."

జగ్గమ్మ అతని తల మీదుగా ఎటో చూసింది. నాలుక మడత పడుతోంది. "ఇది ఏ టేషను? పలాసేనా? దిగాలా?"

జనం గుసగుసలాడారు. సోమశేఖర్ అనే రంగులు వేసేవాడు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓలమ్మో, రేపు నాను హౌరాలో బండెక్కుతున్నాను! నాకేనేటి?"

"టికెట్టు సింపీరా" అన్నాడు కూర్మయ్య.

"కన్ఫర్మయినాది మావా!"

"పైలోకంలోనా కన్ఫర్మయిపోతాది. ఎల్తావేటి?"

ఎవరో నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. ఢాక్ వాయించే ముసలాయన వాయింపు ఆపి కూర్మయ్య దగ్గరికి వచ్చాడు. "మాసీమార్ శరీర్ ఖరాప్, దాదా. డాక్టర్ డాకో." ఆమెకు ఒంట్లో బాగోలేదు, డాక్టర్ని పిలవమంటున్నాడు.

"నువ్వు బజావో. చుప్‌చాప్ బజావో." నోరు మూసుకుని వాయించమని కసిరాడు కూర్మయ్య.

అప్పలలక్ష్మి కూర్మయ్య చెయ్యి పట్టుకుంది. "మావా, అత్త సోలిపోతంది. ఉపాసం కదా. గుక్కెడు పానకం పట్టనీ."

"అత్త ఎక్కడున్నాదే?" అన్నాడు కూర్మయ్య. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అక్కడున్నది అమ్మ. ఘటం దిగకుండా అమ్మ నోట్లో ఎంగిలి పెడితే వీధి వీధంతా ఊడుచుకుపోతాది. ఎనక్కెల్లు."

షుగర్ అన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఘటం దించుతారు. జగ్గమ్మ బతుకుతుంది, అప్పమ్మ బతికినట్టు. కానీ చెప్పినా నమ్ముతారా? నమ్మేదాకా ఆమె నిలబడుతుందా? జగ్గమ్మ మెడ ఒక పక్కకి వాలింది. ఘటంలోంచి నీళ్ళు భుజం మీదికి జారాయి. జనం "తల్లీ!" అని అరిచి దండాలు పెట్టారు.

అప్పలలక్ష్మి జుట్టు ముడి విప్పేసింది.

కేక పెట్టింది. ఆ కేకకు డప్పులు ఆగిపోయాయి. ఖాళీలోకి దూకి కూర్మయ్య బెత్తం లాగి విసిరేసింది.

"నాను నూకాలమ్మనిరా! నా అప్పకి దాహమేస్తంది! ఎండలో నిలబెట్టి ఎకసెక్కాలాడుతున్నారా? పానకం తెండిరా!"

అమ్మవార్లు అక్కచెల్లెళ్ళని ఆ వీధిలో అందరికీ తెలుసు. చెల్లి అక్కను చూడటానికి రావడం ఊళ్ళో ఉన్నప్పుడు విన్నదే. వాట్‌గంజ్‌లో మాత్రం ఎవరూ చూడలేదు. కూర్మయ్య వెనక్కి తగ్గాడు. తగ్గినవాడు పళ్ళెంలోంచి కర్పూరం బిళ్ళ తీశాడు. కొత్తగా పూనకం వచ్చినవాళ్ళకు అది పరీక్ష.

"నూకాలమ్మవైతే సెయ్యి పట్టు తల్లీ."

ఆమె చెయ్యి చాచింది. కూర్మయ్య అరచేతిలో బిళ్ళ పెట్టి వెలిగించాడు. అప్పలలక్ష్మి జగ్గమ్మ పెదవులనే చూస్తూ నిలబడింది. చర్మం కాలిన వాసన వచ్చింది. ఆమె చెయ్యి ముడవలేదు, అరవలేదు. మంట దానంతట అది ఆరింది.

"పానకం తెండ్రా!" అని అరిచాడు కూర్మయ్య.

నడిచేవాళ్ళకు ఇవ్వడానికి తెచ్చిన బకెట్టు వచ్చింది. అప్పటికే జగ్గమ్మ మోకాళ్ళ మీద కూలబడింది. ఘటం కూర్మయ్య అందుకున్నాడు. పానకం గొంతులో పోస్తే పొలమారుతుందని అప్పలలక్ష్మికి తెలుసు. బకెట్టు అడుగు నుంచి కరగని బెల్లం తీసి జగ్గమ్మ చెంప లోపల రాసింది. మళ్ళీ రాసింది. తలను ఒళ్ళో పెట్టుకుని, పూనకం పోలేదని తెలియడానికి మధ్య మధ్య ఊగింది. చాలాసేపటికి జగ్గమ్మ గొంతు కదిలింది. అప్పుడు పానకం కొంచెం కొంచెంగా పట్టింది.

"ఏటే" అంది జగ్గమ్మ, కళ్ళు నిలబడ్డాక. "నా ఘటమేదీ?"

జనం అప్పలలక్ష్మి కాళ్ళ మీద పడ్డారు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోబోయింది. తీసుకోవడానికి చోటు లేదు.

ఆసుపత్రికి పోదామంటే జగ్గమ్మ ససేమిరా అంది. అప్పలలక్ష్మికి పని నేర్పిన ఆసుపత్రి నర్సు మేరీరాణికి ఫోన్ చేస్తే, రాత్రికి ఆ సూది ఆపి కడుపు నిండా తిననిమ్మంది, పొద్దున్నే పరీక్ష చేసి మళ్ళీ మొదలుపెట్టమంది. అప్పలలక్ష్మి అలాగే చేసింది.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి ఆ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. జగ్గమ్మ గడప మీద కూర్చుని చెంబులో బెల్లం పిసుకుతోంది.

"సూదులు తీసుకెల్లిపో. మరి వొద్దు."

"ఏటత్తా ఆ మాట?"

"అమ్మోరు నీ నోట సెప్పినాది కదా. సూది నన్ను పడీసినాది, బెల్లం లేపినాది. కాదంటావేటి?"

కాదనడానికి లేదు. అదే జరిగింది. అప్పలలక్ష్మి గడప ముందు కూర్చుంది. గొంతు తగ్గించింది. "నువ్వు తినకుండా సూదేయించుకున్నావు, అందుకే పడ్డావు. నిన్న నా మీదికి ఎవులూ రాలేదత్తా. నానే ఆడినాను. నువ్వు సచ్చిపోతావని ఆడినాను. సూది మానేస్తే ఈ పానకమే నిన్ను సంపేస్తాది."

జగ్గమ్మ ఆమె చెయ్యి లాక్కుని కట్టు విప్పింది. అరచెయ్యంతా బొబ్బ.

"నొప్పేసినాదా?"

"ఏసినాది."

"మరి అరవలేదేటి?"

"అరిస్తే నిన్ను ముట్టనివ్వరని."

జగ్గమ్మ నవ్వింది. కట్టు మళ్ళీ జాగ్రత్తగా చుట్టింది. "పిచ్చిదానా, అంత మంట ఓర్సుకోడం మనిసి వల్ల అవుతాదేటే? అమ్మొచ్చినోలకి ఏటి తెలుస్తాది? నా మీదికొచ్చినా నాకేటీ తెల్దు."

"అందరికీ సెప్పేస్తాను. నీకు షుగరున్నాదని కూర్మయ్య మావకి సెప్పేస్తాను."

"సెప్పు. రాత్రే నాను సెప్పీసినాను." జగ్గమ్మ ముఖంలో భయం లేదు. ఇన్నేళ్ళలో అప్పలలక్ష్మి ఆ ముఖాన్ని భయం లేకుండా చూడటం అదే మొదలు. "నాకు షుగరుండేది, అమ్మ తీసీసినాది అన్నాను. కూర్మయ్య ఏడ్సినాడు. ఆడికీ ఉన్నాదంట. షుగరు గోలీలు గంగలో పారీసినాడు."

అప్పలలక్ష్మి లేచి నిలబడింది. రమాకుమారి వంటింటి గుమ్మంలో ఉంది. ఆమె వైపు చూస్తే తల దించుకుంది.

"నువ్వైనా సెప్పవే."

"నానేటి సెప్తానప్పా" అంది రమాకుమారి. "నువ్వు మంట పట్టుకున్నప్పుడు నాను పక్కనే ఉన్నాను."

వీధిలో కర్ర చప్పుడైంది. కోదండం వస్తున్నాడు, కట్టు కాలు ఈడ్చుకుంటూ, చేతిలో చెంబు. అతని వెనక ఆదివారం వరండాలో కూర్చునేవాళ్ళు. ఒక్కొక్కరి చేతిలో ఒక గ్లాసో, గిన్నో. అప్పలలక్ష్మిని చూసి కోదండం ఆగి, కర్ర చంకన పెట్టి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నిన్నటిదాకా ఆమెను "గుంటా" అని చిన్నపిల్లను పిలిచినట్టు పిలిచేవాడు.

"అమ్మా, రోజుకి ఎన్నిసార్లు తాగాల?"

"తాగకు మావా. ఒక్క గుక్క కూడా తాగకు. ఇంటికెల్లి మందేసుకో. నీ కాలు పోతాది."

కోదండం జగ్గమ్మ వైపు చూశాడు.

"పూనకం దిగిపోనాది" అంది జగ్గమ్మ. "ఇప్పుడు మాటాడేది ఉత్త అప్పలలక్ష్మి. దాని మాటకేటి. రా, కూకో."

చెంబు ఎత్తి గటగటా సగం తాగింది. మూతి తుడుచుకుని, మిగిలింది కోదండం చెంబులో పోసింది.