పొగ కనిపించని మిల్లు

కొత్త ధాన్యం ఆడించే రోజుల్లో, వట్లూరు దగ్గర బంగారురాజు రైసుమిల్లు గొట్టం నుంచి నల్లటి పొగ లేస్తుంటే ఊరంతా మురిసిపోయే కాలమది. ఇప్పుడు తలుచుకుంటే ఆ అమాయకత్వం మీద జాలీ కలుగుతుంది, ముద్దూ వస్తుంది. పెదపాడు రైతులు చేలగట్టున నిలబడి, పొగ చూసుకునే ధాన్యం బళ్లు కట్టేవారు. బంగారురాజు తల్లి అచ్చాయమ్మ తెల్లవారగానే దొడ్లోకి వచ్చి ఆ పొగకు దణ్ణం పెట్టి, ఆనక అరుగు మీద కూలబడి దగ్గేది.

కోడలు రత్నమాణిక్యం డాబా మీది గుమ్మడి వడియాల మీంచి మసి దులిపేది. అత్తగారి ఛాతీలో మసిని ఎలా దులపాలో మాత్రం తెలిసేది కాదు. ఆయాసం ముదిరిన రోజుల్లో ఆవిడ గోడకు దిండు ఆనించుకుని కూర్చునే కునికేది. బాయిలరు నడవాలంటే ఊక మండించక తప్పదనేవాడు బంగారురాజు.

ఆ ఏడు రత్నమాణిక్యం అన్న, ఎలక్ట్రికల్ ఇంజనీరు పాండురంగారావు వచ్చి, గొట్టంలో తీగలు వేలాడదీసి పెద్ద వోల్టేజీ కరెంటు పెట్టాడు. తీగల చుట్టూ ఊదారంగు వెలుగు సన్నగా పాకింది. అది మంట కాదనీ, ఒళ్లు కాలేంత వేడి అందులో లేదనీ, మసికి కరెంటు అంటించి గొట్టం గోడకు లాగేస్తుందనీ చెప్పాడు. అన్నట్టే మసి అడుగున కుప్పపడింది. పైన ఆకాశం తేటపడింది. అచ్చాయమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.

బళ్లు మాత్రం రాలేదు. పొగ లేదు గనక మిల్లు మూతపడిందనుకుని రైతులు వేరే మిల్లుకు మళ్లారు. పెదపాడు రైతు సత్తిబాబు పరామర్శకే వచ్చాడు.

"ఏం కష్టం వచ్చిందండీ, పొయ్యి ఆర్పేశారూ?"

తీగలు తీయించెయ్యమని అచ్చాయమ్మే పట్టుబట్టింది. తన దగ్గు పాతదేనంది. బంగారురాజు స్విచ్చి ఆపడానికి లేచాడు. ఎన్నడూ భర్తకు ఎదురు చెప్పని రత్నమాణిక్యం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏవండీ, బళ్లు కావాలంటే రెండు పూటలా మిల్లు ఇంజను కూత వేయించండి. పెదపాడు దాకా వినిపిస్తుంది. అత్తయ్యగారి ఊపిరి ఆగిపోతే ఏ కూత వేసి పిలుస్తామండీ?"

బంగారురాజు స్విచ్చి జోలికి పోలేదు. మర్నాడు కూత మోగింది. విడ్డూరం చూడ్డానికన్నట్టు మొదట సత్తిబాబు బండే వచ్చింది, వెనక తక్కినవీ కదిలాయి.

మిల్లు కళ్లంలో ధాన్యం తిరగేసే ఆడకూలీలు ముక్కులకు గుడ్డలు కట్టుకోకుండా కబుర్లాడుకుంటున్నారు. అచ్చాయమ్మ వాళ్లను చూస్తూ కొడుకుతో నెమ్మదిగా అంది:

"ఇన్నాళ్లూ ఆ పొగే మన సిరి అనుకున్నాన్రా. మన పొయ్యి పొగ పదిమంది గొంతుల్లో పోసి సంపాదించింది సిరెలా అవుతుందిరా నాయనా."