ఈ రోజు మీకెలా ఉంది?

“బానే ఉందని రాసెయ్ అమ్మలూ,” అనేది అమ్మ, గిన్నెలు తోముతూ, వెనక్కి తిరగకుండానే. నేను వంటింటి గడప మీద కూర్చుని, మోకాళ్ల మీద నీలం అట్ట పుస్తకం ఆనించుకుని, ఆ రోజు తేదీ కింద ‘బాగానే ఉంది’ అని రాసేదాన్ని. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. బళ్లో నోరు విప్పని పిల్లనే గానీ సొంత డైరీ మాత్రం పేజీలకి పేజీలు రాసుకునేదాన్ని. అందుకే అమ్మ ఆ పని నాకు అప్పజెప్పింది. ఇప్పుడు ఈ హాస్టల్లో సాయంత్రం పూట కుళాయి కింద ఎవరైనా గిన్నె కడుగుతుంటే చాలు, ఆ తడి నేల, ఆ సబ్బు వాసన, అటు తిరిగి ఉన్న అమ్మ వీపు కళ్లముందుకొస్తాయి.

ఆ పుస్తకం పట్నంలో పెద్దాసుపత్రి వాళ్లిచ్చింది. అమ్మకి బీపీ. అక్కడ ఒక కొత్త బీపీ మాత్ర మీద పరిశోధన జరుగుతోంది. దానికి ఆడవాళ్లనే చేర్చుకుంటున్నారు. ఎందుకలా అని అమ్మ అడిగితే నర్సు చెప్పింది. “ఇన్నాళ్లూ ఇలాంటి మందులు ఎక్కువగా మగవాళ్లకే ఇచ్చి చూశారమ్మా. వాళ్లకి కుదిరిన మోతాదే మనకీ రాసేస్తున్నారు. మన ఒంటికి ఎంత సరిపోతుందో మనల్ని అడిగితేనే కదా తెలిసేది!”

“మనల్ని అడుగుతారా?” అని అమ్మ నవ్వేసింది. ఏదో జోకు విన్నట్టు.

రెండు వారాలకోసారి శనివారం పొద్దున్నే అమ్మా నేనూ బస్సెక్కేవాళ్లం. ఆ బస్సులో అమ్మ వేరే మనిషి. కిటికీ పక్క సీటు కోసం నాతో పోటీ పడేది. బయట దుకాణాల బోర్డులు గబగబా చదివి, “నేను పదకొండు చదివాను, నువ్వెన్ని?” అనేది. ఎప్పుడూ ఏదో ఒకటి అందిస్తూ ఉండే ఆ రెండు చేతులూ ఒళ్లో ఖాళీగా పడుకుని ఉండటం నేను చూసింది అక్కడే. ఇంట్లో మాత్రం దాని పేరు షికారు. “పక్షానికో షికారు దొరికింది మీ అమ్మకి,” అనేవారు నాన్న. “మాత్ర మింగినందుకు కూడా పరీక్ష రాయాలిటే?” అనేది నానమ్మ.

పుస్తకంలో రోజుకి నాలుగు ప్రశ్నలుండేవి. రాత్రి నిద్ర ఎలా పట్టింది? ఆకలి ఎలా ఉంది? తల తిరగడం, నీరసం ఉన్నాయా? ఈ రోజు మీకెలా ఉంది? నేను ఒక్కొక్కటే చదివేదాన్ని. నిద్ర అనగానే అమ్మ, “మీ నాన్న దగ్గొచ్చి మధ్యలో లేచారు పాపం, తర్వాత బాగానే పట్టింది,” అనేది. ఆకలి అంటే, “నానమ్మకి ఈ రోజు నోరు బాగుంది, అడిగి మరీ రెండోసారి వేయించుకుంది.” నీరసం అంటే, “నువ్వే జలుబుతో వాడిపోయావు.” నేను అవన్నీ గుండ్రటి అక్షరాలతో శ్రద్ధగా రాసేదాన్ని. అడుగుతున్నది అమ్మ గురించి కదా అన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. రోజంతా మా గురించే చెప్పే మనిషి పుస్తకంలోనూ మా గురించే చెబుతుంటే, అందులో తేడా ఏముందని కనిపెడతాను?

ఏడో వారంలో ఒకరోజు, వంగి పొయ్యి కింద తుడిచి లేస్తూ అమ్మ గోడ పట్టుకుంది. కాసేపు కళ్లు మూసుకుని అలాగే నిలబడింది. ఆ సాయంత్రం మూడో ప్రశ్న దగ్గర నేను ఆగాను. “అమ్మా, పొద్దున్న సంగతి రాయనా?”

“వద్దే తల్లీ. మీ నాన్నకి తెలిస్తే మందు మానిపించేస్తారు. మన శనివారాలు కూడా పోతాయి.”

శనివారాలు నాకూ కావాలి. అందుకే ‘లేవు’ అని రాశాను. ఆ అబద్ధం అమ్మ చెప్పిందే, కానీ అక్షరాలు నావి.

తర్వాతి శనివారం నర్సు ఆ పుస్తకం తిరగేస్తూ మొదట ముసిముసిగా నవ్వింది. కొన్ని పేజీలు పోయాక నవ్వు ఆగిపోయింది. “మీ ఆయన దగ్గు, మీ అత్తగారి ఆకలి, మీ పాప జలుబు అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఇందులో మీరెక్కడున్నారమ్మా?”

అమ్మ నా వైపు చూసింది, నేనే రాయడం మర్చిపోయానేమో అన్నట్టు. నేను తల దించుకున్నాను.

“మీరు బాగానే ఉందంటే ఈ మోతాదు సరిపోయిందని మేం రాసుకుంటాం,” అంది నర్సు మెల్లగా. “రేపు మీలాంటి ఇంకొకావిడకి ఇదే ఇస్తారు. ఆవిడ మెట్లు దిగుతూ కళ్లు తిరిగి పడిందనుకోండి?”

తన కోసమైతే అమ్మ చెప్పేది కాదేమో. ఎవరో తెలియని ఆ ఇంకొకావిడ కోసం నోరు తెరిచింది. పొద్దున్న మంచం మీంచి లేస్తే గది గిర్రున తిరుగుతోందంది. పొయ్యి దగ్గర్నుంచి గోడకి నాలుగడుగులని లెక్కపెట్టుకుని ఉంచుకుందట. మంగళవారం స్నానాల గదిలో కూలబడితే, బయట నాన్న తలుపు కొట్టి, “ఇంకా ఎంతసేపు?” అన్నారట. “వచ్చేస్తున్నా” అని గొంతు మామూలుగా పెట్టి చెప్పిందట. ఆ ఇంట్లోనే ఉంటూ, ఆ పుస్తకం రాస్తూ, ఇవేవీ నాకు తెలియలేదు. నర్సు ఎక్కడా అడ్డు రాలేదు. రాసుకుంటూ పోయింది.

ఎప్పుడూ కూర్చోబెట్టి చూసే బీపీని ఆ రోజు పడుకోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టి ఒకసారి చూశారు. నిలబడగానే బాగా పడిపోయింది. డాక్టరమ్మ వచ్చి మాత్ర సగానికి తగ్గించింది. ఇక మీదట రెండు నెలలపాటు ప్రతి శనివారం రావాలనీ, దానికి ఇష్టమేనో కాదో ఇంకో కాగితం మీద చెప్పాలనీ అంది. “ఇంటికెళ్లి ఆలోచించుకుని రండి, తొందర లేదు,” అని కూడా అంది. అమ్మ ఆ కాగితం పట్టుకుని వరండా బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత నన్నక్కడే ఉండమని తనొక్కతే లోపలికి వెళ్లొచ్చింది. వచ్చేటప్పుడు బస్సులో బోర్డులు చదవలేదు. కిటికీ సీటు మాత్రం తనే తీసుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ సంగతంతా చెప్పింది. “తల తిరగడం కూడా ఒక రోగమేనా?” అంది నానమ్మ. “మేం తిరిగే తలతోనే ముగ్గుర్ని కని పెంచలేదూ?”

“సగం మాత్రకి వారం వారం తిరునాళ్లేమిటి?” అన్నారు నాన్న, అన్నం కలుపుతూ. “శనివారం నేను ఇంట్లో ఉండే రోజు. వంటెవరు చేస్తారు? ఆ మందూ వద్దు, ఆ పుస్తకమూ వద్దు. ఆ కాగితమేదో ఇలా పట్రా, కుదరదని రాసిస్తాను.”

అమ్మ నానమ్మ కంచంలో కూర వడ్డించింది. నాన్న గ్లాసులో నీళ్లు పోసింది. రోజూ లాగే, తొణక్కుండా.

“కాగితం అక్కడే ఇచ్చొచ్చాను,” అంది. “ఇంట్లోవాళ్ల సంతకం కూడా కావాలా అని అడిగాను. ఒళ్లు ఎవరిదైతే వాళ్లది చాలన్నారు.”