సంచుల కాపలా

"నువ్వు సంచుల దగ్గర కూర్చో, ఇప్పుడే చూసొస్తాం."

పెళ్ళయిన కొత్తలో, మొదటి ప్రయాణంలో మా ఆయన ఈ మాట అన్నారు. ఆ తర్వాత అనాల్సిన అవసరం కూడా రాలేదు. బస్సు దిగగానే నీడ ఎక్కడుందో వెతుక్కుని, సంచులన్నీ చుట్టూ పేర్చుకుని మధ్యలో కూర్చునేదాన్ని. ఆయన బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పేవారు. సెలవులొస్తే చాలు, పాత గుళ్ళు, కూలిన కోటలు, దారీ తెన్నూ లేని కొండల్లో తొలిచిన గుహలు. వండడం, మూటలు కట్టడం, ఆయన మాత్రలు, ఆడపడుచు శాలువా, పిల్లల తడిబట్టలు నా వంతు. చూడటం వాళ్ళ వంతు. దిగొచ్చాక "ఏముందండీ పైన?" అని అడిగితే, "ఏముంటుంది, అన్నీ రాళ్ళే. నీకు మోకాళ్ళన్నా మిగిలాయి" అనేవారు. అప్పట్లో నా మోకాళ్ళకి ఏ జబ్బూ లేదు. "మా వదినకి గుమ్మమే గర్భగుడి" అని ఆడపడుచు నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఇంట్లో ఉన్న ఫోటోల్లో అందరూ ఉంటారు, నేనుండను. ఒక్కదాంట్లో మాత్రం ఓ మూల సంచి పక్కన నా చీర కొంగు కనిపిస్తుంది.

నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. కానీ ఎండపొద్దంతా సంచుల మధ్య కూర్చుని ఏం చేస్తాం? ఆయన పుస్తకాలు ఆ సంచుల్లోనే ఉండేవి. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను, పోనుపోను గడగడా చదివేశాను. ఏ గుడి ఎవరు కట్టించారో, ఏ స్తంభం మీద ఏనుగులున్నాయో, ఆ గుడి గోడకి ఇవతల కూర్చునే చదువుకున్నాను. ఆకలితో ఉన్నవాళ్ళు పక్కింటి పోపు వాసన పీల్చినట్టు.

లేచి లోపలికి పోవచ్చు కదా అని మీరనొచ్చు. పోలేకపోయాను. నా చిన్నప్పుడు అమ్మ ఆస్పత్రి తలుపు దగ్గర నా ఒళ్ళో సంచి పెట్టి, "చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తాను" అని లోపలికి వెళ్ళింది. నేను సంచి మీద తల ఆన్చి నిద్రపోయాను. అమ్మ రాలేదు. "చూస్తూ ఉండమంటే నిద్రపోయింది మహాతల్లి" అంది పిన్ని, ఏడుస్తూనే, పక్కనున్న ఎవరితోనో. అన్న మనిషి మర్చిపోయే ఉంటుంది. నేను మర్చిపోలేదు. అప్పట్నుంచీ ఎవరు బయల్దేరినా నాకు వాళ్ళ వీపే కనిపిస్తుంది. సంచి దగ్గర్నుంచి నేను కదిలితే, కన్ను మూస్తే, వెళ్ళినవాళ్ళు ఇక రారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. "దానికి భయం, కూర్చోనీ" అని అందరూ సరిపెట్టుకున్నారు. నా భయం వాళ్ళకి బాగానే పనికొచ్చింది.

ఈసారి మేమిద్దరమే వచ్చాం. ఆడపడుచు పోయింది. పిల్లల సంసారాలు పిల్లలవి. ఊళ్ళన్నిటికీ దూరంగా, కొండ మీద, దేవుడు కూడా లేని గుడి. ఎన్నేళ్ళుగానో ఆయన చూడాలనుకున్న గుడి. జీపు దిగి మెట్లు చూడగానే ఆయన అరుగు మీద కూలబడి మోకాలు పట్టుకున్నారు.

"నావల్ల కాదే. పద, తిరిగిపోదాం."

ఆయన చూడలేకపోతే ఇక ఆ గుడి లేనట్టే. నేనొకదాన్ని పక్కన ఉన్నానన్న ఊహ కూడా ఆయనకి లేదు. ఒళ్ళు మండింది. చేతిలో సంచి ఆయన ఒళ్ళో పెట్టాను.

"మీరు సంచుల దగ్గర కూర్చోండి. ఇప్పుడే చూసొస్తాను."

"నువ్వా? ఎలా వెళ్తావ్?"

"కాళ్ళతోనే."

"నీకు భయం కదే."

"కూర్చున్నా భయమే కదండీ."

టిక్కెట్లు చించే అతను నవ్వాపుకుంటూ, "వెళ్ళనివ్వండి సార్, పైన పులులేం లేవు" అన్నాడు.

ఎక్కుతుంటే ఆయన చూపు నా వీపు మీద ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. ఇన్నాళ్ళకి నాకూ ఒక వీపుంది అనుకున్నాను. సగం దారిలో దిగిపోదామనిపించింది. సంచి జిప్పు వేశానా, ఆయన మంచినీళ్ళు సంచిలో పైనే పెట్టానా, నేను తిరిగి వెళ్ళేసరికి ఆయన ఉంటారా? మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కాను.

లోపల చీకటి, చల్లదనం. గోడకి అరచెయ్యి ఆన్చాను. ఏ పుస్తకంలోనూ ఈ చలవ గురించి రాయలేదు. గబ్బిలాల కంపు గురించి ఆయనా ఎప్పుడూ చెప్పలేదు. నేను దగ్గితే లోపల్నుంచి ఎవరో అత్తగారిలా తిరిగి దగ్గారు. ఉలిక్కిపడి, తర్వాత పకపకా నవ్వాను. నా నవ్వు ఆ మండపమంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. పుస్తకంలో గోరంత బొమ్మగా చూసిన ఏనుగు నా భుజం దాకా ఉంది. దాని తొండం మీద చెయ్యి వేసుకుని తనివితీరా నిలబడ్డాను. అన్నీ రాళ్ళేనట.

దిగొచ్చేసరికి ఆయన అరుగు మీద వాలి నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ముందు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. సంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. జీపు డ్రైవరూ టిక్కెట్లతనూ చెట్టుకింద పేకాడుకుంటున్నారు. "పెద్దాయన మీరటు వెళ్ళగానే పడుకున్నారమ్మా" అన్నాడు డ్రైవరు.

నేను పైన ఉన్నంతసేపూ ఆయన నిద్రపోయారు. అయినా నేను తిరిగొచ్చాను.

ఆ సంగతి మనసుకెక్కడానికి కొంతసేపు పట్టింది. నిలబడే కళ్ళు తుడుచుకున్నాను. సీసా తీసి నీళ్ళు తాగాను. పేకాట ఇప్పట్లో తెమిలేలా లేదు. కొంగు దోపుకుని మళ్ళీ మెట్ల వైపు నడిచాను.

అలికిడికి ఆయన లేచినట్టున్నారు. "మళ్ళీ ఎక్కడికే?" అన్నారు.

వెనక్కి తిరిగి చూడలేదు.

"నిద్రొస్తే పడుకోండి. నేను వస్తాను."