నక్షత్రం లేని గులాబీ రంగు

ఆమె భయం ఒక్కటే. తన చేతిపని వల్ల ఇంకొక తల్లి తన బిడ్డ ముఖాన్ని రెండోసారి పోగొట్టుకుంటుందేమోనని.

ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆమెను వీధిలో అందరూ బొమ్మలమ్మాయి అంటారు. ఫోటో ఇస్తే చాలు, రంగు పెన్సిళ్ళతో మనిషిని తెచ్చి కాగితం మీద కూర్చోబెడుతుంది. మూడేళ్ళ కూతురు మధ్యాహ్నం పడుకునే రెండు గంటలే ఆమెకు పనివేళ. పిల్ల కదిలిందంటే పెన్సిళ్ళన్నీ అటకెక్కాల్సిందే. ఒకసారి అది నీలం పెన్సిలు నమిలి, నాలుక చాపి చూపించి, తండ్రికి గుండె ఆగినంత పని చేసింది మరి.

రెండేళ్ళ కిందట ఒక కుట్టుపనావిడ ఫోను పట్టుకుని వచ్చింది. అందులో ఏడాదిన్నర పాప ఫోటో. పాప అప్పటికే లేదు, నాలుగు రోజుల జ్వరంలో పోయింది. మిగిలింది ఆ ఒక్క ఫోటో. అదీ చెయ్యి కదిలి మసకగా వచ్చింది.

"ఇందులో బుగ్గలు పాలిపోయినట్టు పడ్డాయమ్మా. మా బుజ్జిది ఇలా ఉండేది కాదు. నవ్వితే రెండు బుగ్గలూ ఎర్రగా అయిపోయేవి. నువ్వు దాన్ని నవ్వించాలి" అంది ఆవిడ.

బొమ్మలమ్మాయి మూడు వారాలు కూర్చుంది. పెట్టెలోని ఏ రంగూ ఆ బుగ్గలకు నప్పలేదు. చివరికి దుకాణంలో విడిగా అమ్మే పెన్సిళ్ళలో ఒక గులాబీ రంగు దొరికింది. పలచగా ఒక పూత, దాని మీద ఇంకో పూత, అలా పన్నెండు పూతలు వేశాక పాప నవ్వింది. కుట్టుపనావిడ చూసింది. బుగ్గ దాకా వేలు తీసుకెళ్ళి, తాకకుండా అక్కడే ఆపేసింది.

బొమ్మను అద్దం కట్టించే ముందు ప్రింటు షాపు మావయ్య దాన్ని స్కాన్ చేసి దాచుకున్నాడు. "ఇంత పనితనం మళ్ళీ మళ్ళీ రాదమ్మాయ్, నా కంప్యూటర్లో ఓ మూల పడుండనీ" అన్నాడు. కుట్టుపనావిడ ఉండేది ఆ షాపు పైనే, మూడో అంతస్తులో, ఒంటి గదిలో. కిటికీ పక్కన మిషను, ఎదురుగోడకు బొమ్మ. కుడుతూ కుడుతూ తలెత్తితే పాప కనపడాలి.

ఆ మరుసటి ఏడు, ఇంకో బొమ్మకు ప్రింట్లు తీయించడానికి వెళ్ళినప్పుడు, రంగులు సరిచూడాలని మావయ్య ఆమె పెన్సిళ్ళు అడిగి తీసుకున్నాడు. గులాబీ పెన్సిలును వేళ్ళ మధ్య తిప్పాడు.

"దీని మీద నక్షత్రాలేవి?"

"నక్షత్రాలేంటి మావయ్యా?"

"ఇన్నేళ్ళుగా గీస్తున్నావు, ఎప్పుడూ చూళ్ళేదా? ఇదిగో, మిగతా వాటి మీదున్నాయి. మూడుంటే వెలుతురుకి తట్టుకుంటుంది. ఒకటుంటే కొన్నాళ్ళు. అసల్లేవంటే ఎండపొడ పడేచోట రెండు వేసవులు నిలవదు."

చూడకేం, చూసింది. అవి అలంకారమనుకుంది. పెట్టె కొన్నరోజు మొగుడు "హోటళ్ళకిచ్చినట్టు పెన్సిళ్ళకీ నక్షత్రాలిస్తున్నారే" అంటే ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు కూడా.

ఇంటికొచ్చి ఒక కాగితం మీద గులాబీ గీత గీసి, సగం అట్టతో మూసి కిటికీలో పెట్టింది. నెలన్నర తరువాత అట్ట తీస్తే, మూసిన సగం బుగ్గలా ఉంది. తెరిచిన సగం ఉతికిన గుడ్డలా ఉంది.

ఆ రోజే వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. పెన్సిలు మీదున్న గుర్తుకు అర్థం తెలియకుండా ఒక తల్లి దగ్గర పని ఒప్పుకున్నానని ఏ నోటితో చెప్పడం? రేపు చెబుదాం, పండగయ్యాక చెబుదాం, పిల్లకు జలుబు తగ్గాక చెబుదాం అని నెలలు దొర్లించింది. ప్రింటు షాపుకు పనిపడితే మొగుణ్ణి పంపేది.

చివరికి కుట్టుపనావిడే వచ్చింది. పాత దుప్పట్లో చుట్టిన ఫ్రేము బల్ల మీద పెట్టి, విప్పింది. కళ్ళు అలాగే ఉన్నాయి, జుట్టు అలాగే ఉంది. బుగ్గల్లోనూ పెదవుల్లోనూ రక్తం లేదు.

"కోప్పడకమ్మాయ్. నీ బొమ్మని నేను పాడుచేశాను" అంది ఆవిడ.

బొమ్మలమ్మాయి ఫ్రేమును తన వైపు తిప్పుకుంది.

"రోజూ అద్దం తుడిచేదాన్ని. తడిగుడ్డ పెట్టకూడదా? ముద్దు కూడా పెట్టేదాన్ని, అద్దం మీదేలే. దానివల్లా? లేకపోతే కిటికీకి ఎదురుగా తగిలించినందుకా? ఏదో ఒకటి చెప్పు. ఉన్నన్నాళ్ళూ దాన్ని చూసుకోడం నాకు చేతకాలేదు. ఇప్పుడు బొమ్మని కూడా చూసుకోలేకపోయాను."

చెప్పడానికి ఇంతకంటే అదను ఏముంటుంది? ఆ గులాబీ పెన్సిలు అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

"ఎండ తగలకూడదక్కా" అంది బొమ్మలమ్మాయి. "కిటికీకి ఎదురుగా పెట్టకుండా ఉండాల్సింది."

ఆ మాటల్లో తప్పేమీ లేదు. అయినా అంతకన్నా పెద్ద అబద్ధం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఆడలేదు. కుట్టుపనావిడ తల ఊపింది, ఎప్పుడో తెలిసిన తీర్పునే మళ్ళీ వింటున్నట్టు.

ఆ గులాబీకి దగ్గరగా ఉండే మూడు నక్షత్రాల పెన్సిలు ఒకటి వెతికి తెచ్చి, నాలుగు రోజులు కూర్చుని బుగ్గలు మళ్ళీ దిద్దింది. కుట్టుపనావిడ పొంగిపోయి, తను కుట్టిన పసుపుపచ్చ గౌను ఒకటి పిల్లకు తెచ్చిచ్చింది. పిల్ల దాన్ని విప్పనని మారాం. తల్లేమో అటు చూడదు.

"గౌను బాగానే ఉందిగా, దాన్ని చూస్తే అలా మొహం తిప్పుకుంటావేంటి?" అన్నాడు మొగుడు.

"నలుసు పడింది" అంది.

"వారం రోజులుగానా? ఆ కంట్లో నలుసు అద్దెకుంటోందా ఏంటి?"

ఆమె నవ్వలేదు.

నెల తిరక్కముందే ప్రింటు మావయ్య కూరగాయల కొట్టు దగ్గర ఎదురుపడ్డాడు. "మా పైనావిడ మిషను చప్పుడు ఆగిపోయిందమ్మాయ్. పాపకి ఎండ తగులుతుందని కిటికీకి తెర వేసి, దాని మీద దుప్పటి కట్టేసింది. బల్బు వెలుతుర్లో కుడుతూ వేల్లోకి సూది దింపుకుంది. కుట్టడానికిచ్చినవాళ్ళు బట్టలు వెనక్కి పట్టుకుపోతున్నారు."

"బొమ్మని పక్కగోడకి మార్చుకోవచ్చుగా?"

"నేనూ అదే అన్నాను. తలెత్తితే కనపడకపోతే ఎలా మావయ్యా, అంది."

మర్నాడు పొద్దున్నే షాపుకు వెళ్ళి, దాచిన స్కాన్‌తో వెలిసిపోని సిరాలో ప్రింటు తీయించింది. పిల్లను చంకనెత్తుకుని మూడంతస్తులూ ఎక్కింది. గది చీకటిగా, ఉక్కగా ఉంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

నిలబడే చెప్పింది. నక్షత్రాల సంగతి, అట్టతో మూసిన గీత సంగతి, ఏడాదిగా తెలిసీ నోరు మెదపని సంగతి. "మీ తప్పు లేదక్కా. తడిగుడ్డ వల్లా కాదు, ముద్దుల వల్లా కాదు. మంచి పెన్సిలైతే ఆ ఎండకి అంత తొందరగా పోయేది కాదు. తప్పు నాది. కిటికీ తెరవండి. ఈ ప్రింటు తగిలించుకోండి, ఇది ఉంటుంది."

ఆవిడ ప్రింటు అందుకోలేదు.

"మరి ఆ రోజు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"నీకు సిగ్గేసింది" అంది ఆవిడ నెమ్మదిగా. "నేను రోజూ ఈ చీకట్లో కూర్చుని, నిన్ను మళ్ళీ చంపుకున్నానే అని దాన్ని క్షమాపణ అడుగుతున్నాను."

పసుపు గౌనులో ఉన్న పిల్ల చెయ్యి చాపి ఆవిడ చెంప తాకబోయింది. ఆవిడ వెనక్కి జరిగింది.

"అది అక్కడ పెట్టి వెళ్ళమ్మా."

ఇది జరిగి పన్నెండు రోజులు. దుప్పటి ఇంకా కిటికీకే ఉంది. బొమ్మలమ్మాయి మూడుసార్లు వెళ్ళి తలుపు తట్టింది. "నేనక్కా" అనగానే లోపల కుర్చీ చప్పుడు ఆగిపోతుంది, అంతే. మావయ్య మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. కిందనుంచి పిలిస్తే పొడిగా ఊఁ అంటుందట, దిగి రాదట.

మీ సంగతి వేరు. మీ గొంతు ఆవిడకు తెలియదు. కింద ప్రింటు షాపు ఉన్న మూడంతస్తుల మేడ, పైన దుప్పటి కట్టిన కిటికీ మీ దారిలో కనబడితే, అంచు ఊడిన చొక్కా ఏదైనా పట్టుకుని పైకి వెళ్ళండి. కుట్టి పెట్టమని అడగండి. ఆవిడ తలుపు తీస్తే, అన్నం తిన్నదో లేదో ఒక్కసారి చూసి రండి.