పదిహేడు నంబరు స్పానరు

పని చేసేటప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూడడు. చెయ్యి మాత్రం వెనక్కి చాస్తాడు. "పదిహేడు" అంటాడు, అంతే. ఆ చేతిలో పదిహేడు నంబరు స్పానరు పడాలి. ఆ ఆదివారం ఉదయం వంటింటి సింకు కింద దూరి కారుతున్న పైపు బిగిస్తున్నప్పుడు కూడా అలాగే చాచాడు. ఆమె ఒక చేత్తో పొయ్యి మీది గిన్నె కలుపుతూనే, రెండో చేత్తో పెట్టెలోంచి స్పానరు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆమె తప్పు స్పానరు అందించింది లేదు. అందుకు ఆయన ఎప్పుడూ ఆశ్చర్యపడిందీ లేదు.

కబురు కూడా సింకు కిందనుంచే ఆమె చెవిన వేశాడు. "ఇదిగో, ఒక ట్రక్కు అమ్మకానికుంది. పాతకాలం నాటిది. గుండ్రటి లైట్లు, వెనక చెక్క బాడీ. డ్రాయింగ్ మాస్టారొకాయన బాగుచేద్దామని మొత్తం విప్పేసి సగంలో ఆపేశాడట. మనం కొనేసి పూర్తి చేద్దాం."

"ఎవరు పూర్తి చేస్తారు?"

"ఇంకెవరు, నేనే. నువ్వేం కష్టపడక్కర్లేదు. పక్కన నిలబడి అందిస్తూ ఉండు, చాలు."

కొనడానికి మాత్రం ఆమె డబ్బు కావాలి. వాహనాలకు సీట్లు కుట్టే షాపులో ఆమె ఇరవై ఒక్క ఏళ్లు పనిచేసింది. రెండు నెలల క్రితం యజమాని షాపు మూసేస్తూ చేతిలో పెట్టిన మొత్తం అది. ఆ షాపుకు వచ్చినవాళ్లు ఆమె ముఖంలోకి చూసి, "మేస్త్రి లేడామ్మా?" అని అడిగేవారు. మేస్త్రి ఆమే. బోల్టులు విప్పి సీటు కిందికి దించేదీ, స్పాంజి కోసేదీ, రెగ్జిన్ కుట్టేదీ, మళ్లీ వాహనంలో బిగించేదీ ఆమే. తీరా బండి అప్పగించేటప్పుడు యజమాని లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎలా ఉంది నా పనితనం?" అనేవాడు. తుడుచుకోవడానికి ఆ చేతులకి మరకేదీ ఉండేది కాదు. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత ఆ మంటకూ అలవాటు పడింది. ఇప్పుడు తలుచుకుంటే, కోపం కంటే ఆ అలవాటు పడటమే ఎక్కువ బాధ పెడుతోంది.

ఇక ఆయన మొదలుపెట్టిన పనుల సంగతి ఇల్లంతా చెబుతుంది. బాత్రూం గోడకి నడుం ఎత్తు వరకే టైల్స్ అతికించి, నడుం పట్టేసిందని వదిలేశాడు. పైభాగం ఆమె సెలవుపెట్టి సిమెంటు కలుపుకుని అతికించుకుంది. పుస్తకాల బీరువా చేశాడు, తలుపులు పెట్టలేదు. ఆమె షాపులో మిగిలిన గుడ్డతో తెర కుట్టింది. చుట్టాలొచ్చి ఆ తెర తొలగించి చూసి, "మీ ఆయన చేతిలో పనితనం ఉందమ్మా" అని మెచ్చుకున్నారు. అత్తగారైతే ఆయన సుత్తి పట్టుకుంటే చాలు, మురిసిపోయేది. "వాడు మొదలుపెట్టాడుగా, మిగతాది నువ్వు చూసుకుంటావులే" అనేది ఎంతో చల్లగా. ఆ 'మిగతాది' అన్నదాంట్లోనే తన వయసంతా గడిచిపోయిందని ఆమెకి నలభై ఆరో ఏట, గిన్నె కలుపుతూ తట్టింది.

కాబట్టి ఈసారి కాదనాలి. ఇంట్లో కాదంటే ఆయన ముఖం ముడుచుకుని వారం రోజులు తిరుగుతాడు. ట్రక్కు చూసి, తుప్పు చూపించి, అక్కడికక్కడే వద్దని తేల్చెయ్యాలి. అలా అనుకునే మధ్యాహ్నం కారెక్కింది. ఎక్కింది ఎప్పటిలా ఆయన పక్క సీట్లోనే. షాపులో వ్యాన్లూ లారీలూ ఇరుకు సందులోంచి వెనక్కి తీసి బయట పెట్టేది ఆమె. సొంత కారు తాళాలు అడిగితే మాత్రం, "ట్రాఫిక్‌లో నీవల్ల కాదులే" అంటాడు ఆయన. దారి పొడుగునా 'వద్దండీ' అనే మాటని లోలోపలే రకరకాలుగా పలికి చూసుకుంది.

మాస్టారి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది ట్రక్కు. తలుపులు లేవు, చక్రాలకి గాలి లేదు, ఇంజను ఒక మూల గోనె కప్పుకుని కూర్చుంది. ముందు లైట్లుండే చోట రెండు గుండ్రటి ఖాళీలు. అది చూడగానే ఆమెకి నవ్వొచ్చింది, ఎందుకో జాలి కూడా వేసింది. సీటు ఫ్రేము మాత్రం ఇంకా బిగించే ఉంది. స్పాంజి అంతా ఎలుకలు తినేశాయి కానీ ఇనుము గట్టిది. వేలితో నొక్కి చూసి ఒక్క క్షణం అక్కడే ఆగిపోయింది.

"ఆడవాళ్లు లోపల కూర్చోండమ్మా, ఇక్కడంతా దుమ్ము" అన్నారు మాస్టారు. ఆమెతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. ధర మాటలన్నీ ఆమె భర్తతోనే.

లోపల మాస్టారి భార్య మంచినీళ్లిచ్చింది. అరవై దాటిన మనిషి, చురుకైన కళ్లు. ఆవిడతో మాట్లాడుతుండగా ఆమె చూపు గోడ వారగా ఉన్న అరల మీద పడింది. బిస్కెట్ డబ్బాలు, పాలపొడి డబ్బాలు, మందుల సీసాలు, అన్నీ వరసగా. ప్రతిదాని మీదా గుండ్రటి చేతిరాతతో ఒక కాగితం. 'ఎడమ తలుపు, కింది బందు, బోల్టులు నాలుగు, ఒకటి వంగింది.' 'పెట్రోలు ట్యాంకు పట్టీలు, పొడుగుది ముందుకి.' ఒక డబ్బా మీద 'ఇది ఎక్కడిదో ఆయనకీ తెలీదు' అని ఉంది. దాన్ని కొట్టేసి, కింద వేరే సిరాతో రాసి ఉంది: 'వైపరు మోటారుది.'

"ఇవన్నీ మీరు రాసినవేనా పిన్నిగారూ?"

పెద్దావిడ సిగ్గుపడింది. "ఆయన విప్పుతూ ఎక్కడివక్కడ పడేసేవారమ్మా. తొక్కి పడతామని ఏరేదాన్ని. ఏరుతుంటే ఏది దేనిదో తెలిసిపోయేది. తొమ్మిదేళ్లయింది. రెండో ఏడే ఆయనకి మోజు తీరిపోయింది. తుక్కువాడికి ఇచ్చెయ్యమంటారు. నేనే ఇవ్వలేదు."

"మరి మీరే పూర్తి చెయ్యలేకపోయారా?"

ఆ మాట ఊరికే వచ్చేసింది ఆమె నోట. పెద్దావిడ చేతిలో డబ్బా మూత రెండుసార్లు బిగించి, మళ్లీ తీసింది.

"ఎవరూ అడగలేదమ్మా" అంది. డబ్బాని అరలో పెట్టేస్తూ, "నన్ను నేనూ అడగలేదు" అంది.

ఆమె ఆ అరల వంక మళ్లీ చూసింది. మరో ఇరవై ఏళ్లకి తను ఉండబోయే గది అదేననిపించింది. ఇలాగే నీళ్లిచ్చి, ఇలాగే సిగ్గుపడుతూ, ఎవరో వదిలేసిన వస్తువుల పేర్లు చెబుతూ. భయమేసింది. ఆ భయం వెనకే, ఎప్పుడూ లేనిది, ఆశ పుట్టింది. సీటు తను కుట్టగలదు. బోల్టులన్నీ ఇక్కడున్నాయి. ఇంజను పని డబ్బిస్తే చేసేవాళ్లున్నారు. వెనక చెక్క బాడీలో కుట్టుమిషను బిగిస్తే వాహనాలు తన దగ్గరికి రానక్కర్లేదు, తనే వాటి దగ్గరికి వెళ్లొచ్చు. ఎదురుగా నిలబడి 'నా పనితనం' అనేవాడు ఎవడూ ఉండడు. ఇవన్నీ ఆమెకి అప్పటికప్పుడు తోచినవి కావు. ఇరవై ఏళ్లుగా లోపల ఎక్కడో మూలన పడి ఉన్నవే. వాటికి కూడా ఎవరో పేర్లు రాసిపెట్టినట్టు ఇప్పుడు కనిపించాయి.

షెడ్డులోకి తిరిగొచ్చేసరికి భర్త ముఖం వెలిగిపోతోంది. పక్కకి లాగి గుసగుసలాడాడు. "సగం సామాన్లు పోయాయట. సగానికి సగం తగ్గించి అడుగుతా. నువ్వు నోరు మెదపకు."

ఆమె మాస్టారి వైపు తిరిగింది. "ఏమీ పోలేదు మాస్టారూ. ప్రతి బోల్టూ లోపల ఉంది. మీ ఆవిడ తొమ్మిదేళ్లుగా దాచిపెట్టారు. మొదట మీరు చెప్పిన ధరకే తీసుకుంటాను."

మాస్టారు చెయ్యి విదిలించారు. "ఆ డబ్బాలా? అది దాని చాదస్తమమ్మా."

"ఆ చాదస్తం లేకపోతే ఇది తుక్కే."

గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. మాస్టారు కాగితం తీసి, కలం పట్టుకుని, అలవాటుగా భర్త వైపే చూశారు. "పేరు చెప్పండి బాబూ."

"నా పేరు రాయండి" అందామె.

"అదేంటోయ్?" భర్త గొంతు తగ్గించాడు. "ఎవరి పేరైతే ఏముంది, మనదేగా?"

"ఏమీ లేదంటున్నారుగా. అయితే నాదే ఉండనివ్వండి."

ఆయన నలుగురిలో పరువు పోయిందన్నట్టు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆ ముఖం చూస్తే ఎప్పుడూ కరిగిపోయే మనిషే ఆమె. ఈసారీ మనసు కాస్త పీకింది. పీకితే పీకిందిలే అనుకుని ఊరుకుంది.

"ఇంకో మాట మాస్టారూ. వారానికి రెండు రోజులు పిన్నిగారు మా ఇంటికి రావాలి. ఏ డబ్బాలోది ఎక్కడికి వెళ్తుందో ఆవిడకే తెలుసు. పనికి తగ్గ కూలీ ఇస్తాను."

"కూలీయా? దానికా?" మాస్టారు నవ్వబోయారు.

"మంగళవారం కుదరదు" అంది పెద్దావిడ గుమ్మంలోంచి గబుక్కున. "కళ్లాసుపత్రికి వెళ్లాలి. బుధవారం, శనివారం వస్తాను." మాస్టారు అమాంతం వెనక్కి తిరిగి భార్యని చూశారు.

ట్రక్కుని లాక్కెళ్లే బండి మర్నాడు వస్తుంది. సీటు ఫ్రేము మాత్రం ఈరోజే కారులో పెట్టుకెళ్లి రాత్రికల్లా తుప్పు గీకెయ్యాలని ఆమె నిశ్చయించుకుంది. భర్త కారులోంచి పనిముట్ల పెట్టె తెచ్చాడు. అలవాటుగా చొక్కా చేతులు మడుస్తూ ముందుకొచ్చాడు.

"జరుగు, నేను విప్పుతా."

"మీరేం కష్టపడక్కర్లేదు" అంది, క్యాబిన్‌లోకి ఎక్కి మోకాళ్ల మీద కూర్చుంటూ. మాటలో ఎగతాళి రానివ్వలేదు. "పక్కన నిలబడి అందిస్తూ ఉండండి, చాలు."

ఫ్రేము కింద దూరి, వేళ్లతో తడిమి బోల్టు తల కొలత చూసుకుంది. ఇక ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచింది.

"పదిహేడు."

వెనక పెట్టెలో ఇనుము గలగలలాడింది. ఆగింది. మళ్లీ గలగలలాడింది. అరచేతిలో ఏదో పడింది. పట్టుకోగానే తెలిసింది, పద్నాలుగు. దాన్ని అలాగే వెనక్కిచ్చి, ఖాళీ చెయ్యి మళ్లీ చాచింది.

"ఇది కాదు. వెతకండి, నేను ఆగుతాను."